ఉత్త డబ్బా కెమెరా, మూడు సిలిండర్లు

ముందే చెబుతున్నాను, ఇది నా పరువు పోయిన కథ. పరువు ఒక్కటే పోయి ఉంటే ఇంత వివరంగా రాసేవాణ్ణి కాదు, అది పోవడం నాకు కొత్త కాదు. దానితోబాటు ఒక ఇంట్లో పొయ్యి ఆరింది, ఒక కొడుకు ఇల్లు విడిచి పోయాడు. ఇంత ఘోరం జరగడానికి నేను చేసిన ఘనకార్యం ఏమిటయ్యా అంటే, ఒక కెమెరా కొనడం. నవ్వొచ్చిన చోట నవ్వండి, నేనేమీ అనుకోను. రాని చోట నా మొహం చూసి బలవంతాన నవ్వొద్దు.

నాది కోడుమూరులో కిరాణా అంగడి. అప్పటికి నాకు నలభై రెండేళ్ళు. ఆ వయసుకు మనిషికి బుద్ధి వస్తుందంటారు గానీ, అది వచ్చే దారిలో మా ఇల్లు లేదు. నాకు రెండు చెడ్డ అలవాట్లు ఉండేవి. ఒకటి, ఉన్నదానికి నాలుగింతలు చెప్పడం. రెండోది, అంగట్లో బేరం జోరుగా ఉన్నప్పుడు ఫోన్లో ఎవరేమడిగినా వినకుండానే "ఊ, సరే, తీస్కో" అనడం. ఈ రెండోదాన్ని కాస్త గుర్తు పెట్టుకోండి, దానికి ముందు ముందు పని ఉంది.

బజారులో మా పక్క అంగడి విత్తనాల వ్యాపారి తన ఇంటికి కెమెరా పెట్టించుకున్నాడు. గల్లాపెట్టె ముందు కూర్చుని ఫోన్లో తన వాకిలి తనే చూసుకుంటూ, "ఇదో సూడు శెట్టీ, మా ఆడోళ్ళు ముగ్గేస్తాండారు" అని నాకు చూపించేవాడు. ఆ ముగ్గులు చూసి చూసి నాకు కడుపు మండిపోయింది. ఒక ఆదివారం అంగడి మూసి కర్నూలు బస్సెక్కాను.

కొండారెడ్డి బురుజుకు కొంచెం అవతల ఒక సందులో కెమెరాల అంగడి. అంగడాయన గడ్డం నెరిసిన సాయెబు, నిదానమైన మనిషి. గంటసేపు ఓపికగా ఒక్కొక్కటే తీసి చూపించాడు.

"ఇది గుండ్రంది అన్నా, ఇంటి లోపలికి. ఇది పొడుగుది, బయటికి. వానొచ్చినా ఏం గాదు."

"మాకు వాన యాడొస్తాది భాయ్. ఎండకు నిలబడేది చూపించు."

"అయితే ఇది తీస్కో. మెడ తిప్పుతాది. మనిషి యాడికి పోతే ఆడికి సూస్తాది."

"ఆ పనికి మా ఇంట్లో మనిషి ఉండాది."

"ఇది మాట్లాడతాది గూడా. నువ్వు అంగట్ల కూచోని ఫోన్లో అరిస్తే ఇంటికాడ దొంగకు వినపడ్తాది."

ధర చెప్పినప్పుడల్లా నాకు దాంట్లో ఏదో ఒక లోపం కనపడింది. ఒకటి మరీ చిన్నదన్నాను, ఒకటి నల్లగా ఉందన్నాను, ఒకటి చూపు సరిగా లేదన్నాను. అప్పుడు మూలన అట్టపెట్టెలో తెల్లగా, దిట్టంగా మెరిసిపోతున్న ఒక కెమెరా నా కంట పడింది. అన్నిటికంటే పెద్దది అదే. ముందువైపు ఎర్ర దీపం టిక్కు టిక్కుమని వెలిగి ఆరుతోంది. ధర అడిగితే ఒక జత చెప్పుల ధర చెప్పాడు.

"ఇదేమి భాయ్, ఇంత చవక?"

"అది ఉత్త డబ్బా అన్నా. లోపల ఏమీ ఉండదు. రెండు సెల్లులు, ఒక లైటు, అంతే. దొంగ సూసి భయపడాలని పెడ్తారు."

"భయపడితే సాలు గదా. చేన్లో బెదురుబొమ్మను పెడ్తాం. అదేమన్నా పిట్టల్ని పట్టుకుంటాదా?"

సాయెబు దాన్ని సంచిలో పెడుతూ పెడుతూ ఆగాడు. "అన్నా, ఏమన్నా పోయినప్పుడు బెదురుబొమ్మను ఎవురూ సాక్ష్యం అడగరు. దీన్ని అడుగుతారు. సోంచాయించుకో," అన్నాడు.

నేను సోంచాయించుకోలేదు, ఆలోచన అనేదే చేయలేదు. చెప్పుల ధరకు కెమెరా దొరికిన సంతోషంలో బస్టాండు దాకా నడిచే పోయాను.

దాన్ని మా గోడకు బిగించింది నాగరాజు. అతని గురించి ఇక్కడే చెప్పాలి. మా ఇంటి నుంచి నాలుగో ఇల్లు లక్ష్మక్కది. భర్త పోయినప్పటి నుంచి వీధి మొదట్లో బండి పెట్టి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి అమ్ముకుని ఒక్కగానొక్క కొడుకును పెంచింది. ఆ కొడుకే నాగరాజు, ఆటో తోలుతాడు. ఒకప్పుడు తాగుడుకు మరిగి ఇంట్లో ఇత్తడి బిందెలు, చివరికి తల్లి కాళ్ళ కడియాలు కూడా కుదువపెట్టినవాడు. కామెర్లొచ్చి చావు దాకా పోయి తిరిగొచ్చాక మానేశాడు. ఏడాదిన్నరగా చుక్క ముట్టలేదు. వీధిలో ఎవరికి ఏ పని పడినా పిలవకుండానే వచ్చి చేసేవాడు. అందరూ పాత నాగరాజును మరిచిపోవాలని అతని ఆరాటం.

"అన్నా, దీనికి వైరు యాడ?" అన్నాడు స్టూలు మీద నిలబడి మేకు కొడుతూ.

"ఇది వైరు లేనిది. గాలిలో వస్తాది."

"మరి కరెంటు?"

"అదీ గాలిలోనే."

నాగరాజు నమ్మాడు. కిందికి దిగి దూరం నుంచి చూసుకుని, "శానా పెద్దది తెచ్చినావన్నా. ఇంక మన వీధికి భయం ల్యా," అని నాకంటే ఎక్కువ మురిసిపోయాడు.

ఇక ఆ సాయంత్రం నుంచి నా నోటికి అడ్డు లేదు. మా వీధిలో గిడ్డయ్య సారని రిటైరైన హెడ్మాస్టరు ఉన్నాడు. ఆయన కెమెరా కింద నిలబడి, "ఎంత దూరం కనపడ్తాదప్పా?" అని అడిగాడు.

"వీధి చివరిదాకా సార్. చీమ నడిచినా ఫోన్లో పడ్తాది."

"మాటలు వినపడ్తాయా?"

"గుసగుసలు గూడా సార్."

ఆ మాట ఒక్క పూటలో వీధంతా పాకింది. మా ఇంటి ముందు నడిచేటప్పుడు ఆడవాళ్ళు కొంగు సర్దుకునేవారు. అత్తాకోడళ్ళ పోట్లాటలు వాకిలి వదిలి పెరట్లోకి మారాయి. మా ఆవిడ పద్మావతి తన ఫోన్లో కూడా పెట్టమంటే, ఒక్క ఫోన్లోనే వస్తుందని, కంపెనీ రూలని చెప్పాను. దసరా ఆయుధపూజకు ఆమె ఆ కెమెరాకు కూడా కుంకుమ బొట్టు పెట్టింది. సరిగ్గా ముందున్న అద్దం మీద, రూపాయి బిళ్ళంత బొట్టు.

"బొట్టు అడ్డమొస్తాదేమో, కనపడ్తాదా?" అని అడిగింది.

"బ్రహ్మాండంగా కనపడ్తాది," అన్నాను. ఒట్టి గొడ్డుకు అరుపులెక్కువ అంటారు. మా గొడ్డు పాపం నోరులేనిది, దాని అరుపులన్నీ నేనే అరిచాను.

ఆ దసరా పోయి, సంవత్సరం తిరిగి, ఎండలు మొదలైన ఒక శుక్రవారం. నేను మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసరికి పద్మావతి వాకిట్లో నిలబడి ఉంది. వంట సగంలో గ్యాస్ అయిపోయిందట. మెట్ల కింద పెట్టిన నిండు సిలిండరు తెచ్చుకుందామని పోతే అది లేదట. పొద్దున పక్కింట్లో వ్రతానికి పోయి ఆమె ఇంట్లో లేని రెండు గంటల్లోనే పోయి ఉండాలి. ఆమె గొంతుకు చుట్టుపక్కల జనం పోగయ్యారు. లక్ష్మక్క వచ్చింది, గిడ్డయ్య సారు వచ్చాడు, ఇంకా పదిమంది వచ్చారు.

"ఏంటికి బాధ పడ్తావమ్మా," అన్నాడు గిడ్డయ్య సారు పద్మావతితో. "కెమెరా ఉండాది గదా. తియ్యప్పా శెట్టీ ఫోను."

కర్నూలు సాయెబు గడ్డం కళ్ళ ముందు ఆడింది. ఆ క్షణంలో "అది ఉత్త డబ్బా" అనేసి ఉంటే వీధి వీధంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది, వారం రోజులు నవ్వేది, అంతటితో పోయేది. నేను ఫోను తీశాను. గోడ వైపు తిరిగి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. తెరమీద శనగనూనె ధర పెరిగిందని ఎవరో పంపిన సందేశం ఉంది. దాన్నే కళ్ళార్పకుండా చూస్తూ నిలబడ్డాను.

"కనపడ్తాండాడా?" ఎవరో అడిగారు.

"ఊ."

"ఎవురు?"

అప్పుడు నాకు మా అవ్వ కాలంనాటి ముచ్చట గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా ఇంట్లో వెండి చెంబు పోతే అంజనం వేసేవాణ్ణి పిలిపించారు. అతను తమలపాకు మీద నల్లటి కాటుక లాంటిది పూసి, దాంట్లోకి చూసి, "దొంగ కనపడ్తాండాడు, పేరు రేపు పొద్దున చెప్తా" అని వెళ్ళిపోయాడు. తెల్లారేసరికి చెంబు నీళ్ళ తొట్టిలో ఉంది. పేరు చెప్పే పనే పడలేదు. అంజనం ఆకులో ఏముంటుంది, నా ఫోన్లో ఏముంది, రెండూ ఒకటే గదా అనుకున్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

ఫోను జేబులో పెట్టి గొంతు సవరించుకున్నాను. "మనకు తెల్సినోడే. వయసు పిల్లోడు. తెలిసీ తెలియక చేసినాడు, వాని బతుకు పాడు చెయ్యడం నాకిష్టం ల్యా. పేరు చెప్పను. రేపు పొద్దున్నకల్లా సిలిండరు నా గడపకాడ ఉంటే వీడియో తుడిచేస్తా. ల్యాకుంటే ఈ ఫోను పోలీసు స్టేషనుకు పోతాది."

పద్మావతి మొహం పాలిపోయింది, గబగబా లోపలికి వెళ్ళిపోయింది. సిలిండరు పోయిన దిగులనుకున్నాను. లక్ష్మక్క నా జేబు వైపే చూస్తూ నిలబడి, తర్వాత తలొంచుకుని వెళ్ళింది. ఆ రోజు నేను ఉత్త చారన్నం తిన్నాను గానీ, అంత దర్జాగా ఎప్పుడూ తినలేదు.

శనివారం పొద్దున తలుపు తీశాను. గడప ముందు సిలిండరు ఉంది. నా పాచిక పారిందని మీసం మీద చెయ్యి వేసేలోపే దాని పక్కన ఇంకొకటి కనపడింది. దాని వెనక ఇంకొకటి. మొత్తం మూడు.

మీరు సరిగ్గానే చదివారు. పోయింది ఒకటి, వచ్చినవి మూడు.

గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నాడని సామెత. మా వీధిలో ఎవరూ తమ భుజాలు తడుముకోలేదు. నిద్రపోతున్న తమ పిల్లల భుజాలు తడిమి చూసుకున్నారు. నేను 'వయసు పిల్లోడు' అన్న మాటకు వయసు పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆ సాయంత్రం ఎవరో ఒకరు కూడు మానుకుని ఉంటారు. ఇది ఇప్పుడు రాస్తున్న మాట. అప్పుడు మాత్రం ఎవరైనా చూస్తారేమోనని హడావుడిగా మూడింటినీ లోపలికి దొర్లించాను. చేతికి దగ్గరగా ఉన్నదాన్ని పొయ్యికి తగిలించి, మిగిలిన రెండూ మెట్ల కింద పెట్టి గోనెపట్టా కప్పాను.

"దొంగ ఒకటికి మూడు తెచ్చినాడు పద్దా. ఇట్లాంటి దొంగలు నెలకొకరొస్తే మనం అంగడి మూసుకోవచ్చు," అన్నాను.

పద్మావతి నవ్వలేదు. నా వైపు అదోలా చూసి, "మీరు శానా మంచోళ్ళు," అంది. పదిహేడేళ్ళ కాపురంలో ఆమె నోటి నుంచి ఆ మాట వినడం అదే మొదలు. మధ్యాహ్నం బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. అడక్కుండానే నెయ్యి పోసింది. మా పెళ్ళప్పుడు కూడా నాకు అంత మర్యాద జరగలేదు. ఎందుకో అర్థం కాకపోయినా ఆరు తిన్నాను.

పదకొండింటికే గిడ్డయ్య సారు వచ్చి వెళ్ళాడు. గొడుగు మూయకుండానే లోపలికొచ్చి, నా చెవి దగ్గర, "వచ్చి చేరింది గదప్పా? ఇంక ఆ వీడియో తుడిచెయ్. మా మనవడు డిగ్రీ చదువుతాండాడు," అన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకు నీతులు చెప్పిన మనిషి, గొడుగు చాటున దొంగచూపులు చూస్తున్నాడు.

"సార్, మీ మనవడు కాదు సార్."

"నీది పెద్ద మనసప్పా," అని నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

సాయంత్రం అంగడికి పోతుంటే వీధి మొదట్లో లక్ష్మక్క బండి లేదు. పొద్దున కూడా లేదని అప్పుడు తోచింది. పన్నెండేళ్ళలో శనివారం ఆమె బండి పెట్టకపోవడం నేను చూడలేదు. ఇంటికి పోయి తొంగి చూశాను. పెరట్లో మూడు రాళ్ళ మీద గిన్నె పెట్టి, పచ్చి కంపకట్టెలు ఊదుతోంది. పొగకు దగ్గుతోంది. అప్పుడు నాకు పొద్దున పొయ్యికి తగిలించిన సిలిండరు గుర్తొచ్చింది. దాని మెడ చుట్టూ ఎండిపోయిన శనగపిండి ఉంది. బజ్జీల పిండి. చేతికి అంటుకుంటే గోడకు తుడుచుకున్నాను కూడా. నేను ఆరు ఓళిగలు తిన్నది ఆమె గ్యాసుతో.

ఆమె నన్ను చూసి లేచి నిలబడింది. "మాట నిలబెట్టుకున్న్యావు శెట్టీ. వాని పేరు బయట పెట్టల్యా. నీ రుణం తీర్చుకోలేనప్పా."

"నాగరాజు యాడక్కా?"

"పోయినాడు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది, పొగకో ఏడుపుకో. "ఏమి రా, మల్ల మొదులు పెట్టినావా అని అడిగినా. నేను కాదమ్మా అన్న్యాడు. కడియాలు పోయిన పొద్దు గూడా నువ్వు కాదనే అన్న్యావు గదరా అన్న్యా. మనుషులు అబద్ధం చెప్తారు గానీ కెమెరా చెప్తాదా అన్న్యా. ఒక్క మాట మాట్లాడల్యా శెట్టీ. నేను సిలిండరు ఎత్తుకుంటాంటే సూస్తా నిలబడినాడు. మల్ల ఆటో తీస్కోని పోయినాడు. ఫోను గూడా ఎత్తడం ల్యా."

ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే, ఏడాదిగా ఈ వీధిని నేను మోసం చేశానని చెప్పాలి. ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పాలి. "వస్తాడులే అక్కా," అన్నాను. అని, తిన్నగా అంగడికి పోయి పప్పు తూకం వేశాను. ఈ కథలో నేను చేసిన పనుల్లో అన్నిటికంటే నీచమైనది ఇది. కెమెరా కొన్నది తెలివితక్కువతనం, దీన్ని తెలివితక్కువతనం అనడానికి వీల్లేదు.

ఆదివారం చెబుదామనుకున్నాను, సోమవారం చెబుదామనుకున్నాను. ఓళిగలు గొంతు దిగడం మానేశాయి. మంగళవారం పొద్దున పద్మావతి తమ్ముడు రాఘవ మా వాకిట్లో దిగాడు. ఎమ్మిగనూరులో ఉంటాడు, ఇరవై నాలుగేళ్ళవాడు. గుండు చేయించుకుని, నుదుట నామం పెట్టుకుని, భుజాన సిలిండరు మోసుకుంటూ వచ్చాడు.

"బావా, ఇదో నీ సిలిండరు. ఖాళీ చేసినాం, నింపిచ్చి ఇద్దామంటే ఆడ దొరకల్యా. అహోబిలంలో పాతికమందికి దీంతోనే వండినాం. నరసింహస్వామి ప్రసాదం తీస్కో."

"నువ్వెప్పుడు తీస్కోని పోయినావురా?"

"శుక్రారం పొద్దున. వ్యాను ఈ దోవనే పోయింది గదా. అక్క ఇంట్లో ల్యాకపోయె. ముందురోజు సాయంత్రం నీకు ఫోన్ చేసి అడిగినా గద బావా. 'ఊ, సరే, తీస్కో' అంటివి."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాడు నయం, కనీసం వాడు ఊళ్ళో ఎవరినీ పిల్లల దొంగ అనలేదు.

లోపల దబ్బుమని ఏదో పడింది. పద్మావతి గడపలో చతికిలబడి వెక్కి వెక్కి ఏడుస్తోంది. కాసేపటికి మాట వచ్చింది. 'మనకు తెల్సినోడే, వయసు పిల్లోడు' అని నేను అనగానే ఆమెకు తమ్ముడు గుర్తొచ్చాడట. చిన్నప్పుడు ఇంట్లో చిల్లర తీసేవాడట. కెమెరాలో వాణ్ణి చూసి కూడా, తన మొహం చూసి నేను పేరు దాచానని అనుకుందట. పక్క వీధిలో వాళ్ళ పిన్నమ్మ దగ్గర ఒక సిలిండరు అరువు తెచ్చి, నేను లేవకముందే గడప ముందు పెట్టిందట. మూడో సిలిండరు సంగతి అది. ఓళిగల సంగతి కూడా అదే.

"నా తమ్ముణ్ణి నేనే దొంగనుకున్న్యా," అంది. "మీరు సూసినారు గదా కెమెరాలో, ఎవురు కనపడినారు మీకు?"

చెప్పాను. ఉత్త డబ్బా అని చెప్పాను. కుంకుమ బొట్టు గురించి కూడా చెప్పాను. ఆ తర్వాత పద్మావతి అన్న మాటలు రాయను, మా ఇంటి పిల్లలు కూడా ఇది చదువుతారు. రాఘవ మాత్రం గుండు నిమురుకుంటూ, "అక్కా, అంత మాట ఎట్లనుకున్న్యావు?" అని ఒక్కటే అడిగాడు. ఆ రోజు భోజనం చేయకుండానే బస్సెక్కాడు.

నేను స్టూలు వేసుకుని కెమెరా ఊడబీకాను. మొదట గిడ్డయ్య సారు సిలిండరు ఆయన ఇంటికి చేర్చి నిజం చెప్పాను. ఆయన నా వీపు తట్టి, "మా పరువు కాపాడేదానికి ఇంత కత అల్లినావా. నీలాంటోడు నూటికొకడప్పా," అన్నాడు. కెమెరా విప్పి చూపిస్తే, "సాక్ష్యం గూడా పీకేసినావు, సల్లగుండు," అన్నాడు. నేను చెప్పిన వంద అబద్ధాలు నమ్మిన మనిషి ఒక్క నిజం నమ్మలేదు. ఇప్పటికీ ఆయన మనవడితో సరిగా మాట్లాడడు.

తర్వాత పొయ్యికున్న సిలిండరు ఊడదీసి భుజానికెత్తుకుని, ఇంకో చేత్తో కెమెరా పట్టుకుని లక్ష్మక్క ఇంటికి పోయాను. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. కెమెరా మూత తిప్పి ఆమె ఒళ్ళో దులిపాను. రెండు సెల్లులు, ఒక చిన్న లైటు, అంగుళం వైరు ముక్క పడ్డాయి.

"ఇంతే అక్కా. ఇంకేమీ ల్యా. నేనేమీ సూడల్యా. సిలిండరు నా బావమరిది తీస్కోని పోయినాడు, నేనే తీస్కోమన్న్యా. నాగరాజుకు దీంతో సంబంధం ల్యా."

నన్ను తిడుతుందనుకున్నాను. చెప్పు తీసుకుని కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననే పోయాను. ఆమె ఆ సెల్లులను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "మరి వాణ్ణి దొంగా అని నేనంటిని గదప్పా," అంది. "దీన్ని సూసే అంటిని."

మరునాడు కర్నూలు పోయాను. కొత్త బస్టాండు దగ్గర ఆటోల వరుసలో రెండు గంటలు తిరిగితే నాగరాజు దొరికాడు. ఆటోలోనే పడుకుంటున్నాడట, గడ్డం మాసి ఉంది. తాగాడేమోనని మొహం దగ్గరగా చూశాను. తాగలేదు. నేనలా చూడటం అతను గమనించాడు. ఆ అయిదు రోజుల్లో తాగడానికి అతనికి ఉన్నంత కారణం ఎవరికీ ఉండదు. అయినా తాగలేదు. నేను మాత్రం వాసన చూశాను.

జరిగిందంతా చెప్పాను. సంచిలో నుంచి కెమెరా తీసి ఇచ్చాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, లోపలికి కన్ను పెట్టి చూశాడు.

"దీనికి మేకులు కొట్టింది నేనే గదన్నా," అన్నాడు. "వైరు యాడ అని అడిగినా నేను."

"అడిగినావు."

"ఉత్తదే." దాన్ని నా చేతిలో పెట్టేశాడు. "ఈ డబ్బాలో ఏమీ ల్యాకపాయె. అయినా మా యమ్మకు దీంట్లో నేనే కనపడినా గదన్నా."

నాకు ఏడుపొచ్చింది. బస్టాండులో, పట్టపగలు, నలభై మూడేళ్ళ శెట్టి చేతిలో ఖాళీ కెమెరా పట్టుకుని ఏడుస్తుంటే జనం ఏదో పోగొట్టుకున్నాననుకున్నారు. ఒకావిడ, "పోలీసులకు చెప్పు నాయనా, ఈడ అన్నీ కెమెరాలే," అని ఓదార్చి పోయింది.

నాగరాజు ఆ రోజు రాలేదు. ఉగాది దాటాక తల్లికి జ్వరమొచ్చిందని తెలిసి వచ్చాడు, ఆ తర్వాత ఇక్కడే ఉన్నాడు. తాగలేదు, ఇప్పటికీ తాగడు. తల్లీకొడుకులు మాట్లాడుకుంటారు. పొద్దున బండి దగ్గర తల్లి పక్కన బజ్జీల పిండి కలుపుతూ కనపడతాడు. కాకపోతే, వీధిలో ఏ చిన్న వస్తువు కనపడకుండా పోయినా, అది కోడిపిల్లైనా సరే, చెంబైనా సరే, ముందు మా గడపలోకి వచ్చి, "అన్నా, నేను కాదు," అని చెప్పి పోతాడు. నవ్వుతూనే అంటాడు. అతనికది తమాషా. నాకు మాత్రం ఇంతవరకూ ఒక్కసారి కూడా నవ్వు రాలేదు.

లక్ష్మక్క నన్ను క్షమించిందా అంటే, అడిగే ధైర్యం నాకు లేదు. రోజూ పొద్దున ఆమె బండి దగ్గరికే పోతాను. ఉగ్గాని పెడుతుంది, నిండుగా పెడుతుంది. అందరి పొట్లంలో రెండు బజ్జీలు వేస్తుంది. నాకు వేయదు. నేనూ అడగను.

మా గోడకు ఇప్పుడు నాగరాజు కొట్టిన రెండు మేకులు మాత్రమే ఉన్నాయి. వాటికి పద్మావతి నిమ్మకాయ, మిరపకాయల దండ కట్టింది. ఆ మేకుల సాక్షిగా, అహోబిలం నరసింహస్వామి సాక్షిగా, నా అంగడి త్రాసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా ఆయుష్షులో ఉత్త డబ్బా కొనను. ఫోన్లో అవతలివాళ్ళు చెప్పింది రెండుసార్లు చెప్పించుకోకుండా "ఊ" అనను. ఏదైనా పోతే పోయిందనే చెబుతాను. కళ్ళతో చూడనిదాన్ని చూశానని, పేరు చెప్పకుండా కూడా, ఎవరి ముందూ అనను. ఈ ప్రమాణం తప్పితే, నా పొట్లంలో ఉగ్గాని కూడా పడకుండా పోవుగాక.